వాగ్రామ్‌కు లసాల్ డివిజన్: నాలుగు ఆకుపచ్చ రెజిమెంట్ల డైరీ

జూన్ మొదట్లో

1809 జూలై 5, 6 తేదీల్లో వియన్నాకు ఈశాన్యాన వాగ్రామ్ దగ్గర నెపోలియన్‌కూ ఆస్ట్రియన్లకూ జరిగిన యుద్ధంలో, మార్షల్ మస్సేనా కోర్ (పెద్ద సేనాభాగం) వెంట ఫ్రెంచి సైన్యపు ఎడమ పక్కన నిలిచిన జనరల్ లసాల్ తేలికపాటి అశ్వదళ డివిజన్‌ను 28 మిల్లీమీటర్ల ఫిగర్లతో (సైనికుల బొమ్మలతో) తయారు చేసి యుద్ధక్రీడ ఆడే బల్ల మీదికి తేవాలన్నది ఈ ప్రాజెక్టు. పిరే బ్రిగేడ్‌లో 8వ హుస్సార్లు, 16వ షాస్యూర్లు (రెండూ తేలికపాటి అశ్వదళంలో రకాలే). బ్రుయేర్ బ్రిగేడ్‌లో 13వ, 24వ షాస్యూర్లు. రెజిమెంటుకు 12 మంది రౌతుల చొప్పున 48 మంది, వారిపైన ఇద్దరు బ్రిగేడ్ జనరళ్లు, చివరగా లసాల్.

ఈ డివిజన్‌నే ఎంచుకోవడానికి లసాల్ పేరు ఒక్కటే కారణమైతే 1806 నాటి ఆయన హుస్సార్ బ్రిగేడ్‌నే వేసేవాణ్ణి. రంగుల మోజున్నవారికి అంతకంటే విందు లేదు. నన్ను ఆకర్షించినది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి: ఇక్కడ నాలుగు రెజిమెంట్లూ ఆకుపచ్చ దుస్తులవే. హుస్సార్లంటే రెజిమెంటుకొక రంగని పేరుపడ్డ దళాలు. 1వ రెజిమెంటుది లేత నీలం, 2వ దానిది గోధుమరంగు, 3వ దానిది బూడిదరంగు, 5వ దానిది లేత నీలపు డోల్మన్ (ఛాతీ మీద తాళ్లు కుట్టిన పొట్టి కోటు) మీద తెల్లని పెలీస్ (భుజాన వేలాడే బొచ్చు అంచు కోటు). అప్పటికున్న పది రెజిమెంట్లలో డోల్మన్, పెలీస్ రెండూ ఆకుపచ్చగా ఉన్నవి 7వది, 8వది మాత్రమే కాగా, వాగ్రామ్‌లో లసాల్ కింద ఉన్నది సరిగ్గా ఆ 8వదే. షాస్యూర్లు ఎలాగూ ఆకుపచ్చ వేసుకునేవారే. అంటే బల్ల మీద 48 మంది ఆకుపచ్చ రౌతులు నిలబడినప్పుడు ఎవరు ఎవరో చెప్పవలసింది కాలరు, కఫ్‌లు, అంచు గీతలు, జరీ, జీను మీది గొర్రె తోలు చుట్టూ పళ్లలా కత్తిరించిన గుడ్డ అంచు మాత్రమే. యూనిఫాం మీద పట్టుదల ఉన్నవాడికి ఇంతకు మించిన పరీక్ష దొరకదు.

పుస్తకాల్లో కనిపించిన ప్రతి గుండీనీ ఫిగరు మీద వేసి తృప్తిపడేవారున్నారు. నేను కచ్చితత్వానికి వేరే హద్దు గీసుకున్నాను. ఒక తేదీని, ఒక చోటును నిర్ణయించుకున్నాక, ఆ రోజు ఆ చోట ఉండడానికి వీల్లేని వస్తువు ఒక్కటి కూడా ఫిగరు మీద మిగలకూడదు. ఈ హద్దు పెట్టుకోగానే మార్కెట్లో దొరికే పెట్టెల్లో సగం పక్కకు పోతాయి. ఫ్రెంచి షాస్యూర్లు అని అమ్మే ఫిగర్లలో ఎక్కువ భాగం 1812 నిబంధనల తరువాతి కోటుతో ఉంటాయి: ల్యాపెళ్లు (ఛాతీ మీది మడత పట్టీలు) నడుము దాకా మూసుకుని, వెనక తోకలు పొట్టిగా. 1809లో షాస్యూర్ కోటు తోకలు పొడవు. ల్యాపెళ్లు ఉంటే అవి పొట్ట దగ్గర వెనక్కి వంగి లోపలి వెయిస్ట్‌కోటును చూపిస్తాయి, లేదా ముందు ఒకే వరుస గుండీలతో సాదా కోటు ఉంటుంది. రంగులు ఎంత శ్రద్ధగా వేసినా కత్తిరింపు తప్పితే తేదీ తప్పినట్టే కనుక, ఆ పెట్టెలు ఎంత చవకగా వచ్చినా తీసుకోలేదు. బల్లెం పట్టిన ఫ్రెంచి లైన్ రెజిమెంట్లూ ఈ యుద్ధంలో ఉండవు, ఆ దళాలు ఏర్పడిందే 1811లో. నెపోలియన్ సొంత గార్డ్‌లోని పోలిష్ లైట్ హార్స్ కూడా వాగ్రామ్ నాటికి కత్తులతోనే పోరాడారు. బల్లేలు వారి చేతికి వచ్చింది ఆ తరువాతే. వాగ్రామ్ బల్ల మీద వారిని బల్లేలతో నిలబెట్టడం మన ఆటలో ఎంతోకాలంగా చెల్లుబాటవుతున్న అలవాటు.

జూన్ మధ్యలో

ఆకుపచ్చ ఎంత ముదురుగా ఉండాలన్న ప్రశ్న మీదే ఎక్కువ సమయం గడిచింది.

ఆ కాలంలో ఉన్నిగుడ్డకు నేరుగా ఆకుపచ్చ అద్దే మంచి రంగు లేదు. ముందు నీలిమందు తొట్టిలో ముంచి, తరువాత వెల్డ్ అనే మొక్కనుంచి తీసిన పసుపు రంగులో ముంచేవారు. రెండింటిలో ముందు ఎండకు లొంగేది పసుపు. అందుకే పాతబడిన ఆకుపచ్చ కోటు వెలిసి తెల్లబడడం కంటే నీలం వైపు జారడమే ఎక్కువ. పైగా 1806 నవంబరులో నెపోలియన్ బెర్లిన్‌లో జారీ చేసిన దిగ్బంధ శాసనంతో బ్రిటిష్ ఓడల మీద వచ్చే నీలిమందుకు దారులు మూసుకుపోయి ధరలు పెరిగాయి. దుస్తుల కొనుగోలు చూసేది రెజిమెంట్ల పాలకమండళ్లే కనుక, ఒక రెజిమెంటు గుడ్డ మరో రెజిమెంటు గుడ్డతో ఛాయకు ఛాయ కలవాలన్న నియమం కాగితం మీద ఉన్నంత గట్టిగా బట్టలో ఉండే అవకాశం లేదు.

దీన్ని ఆసరాగా తీసుకుని నాలుగు రెజిమెంట్లకు నాలుగు ఆకుపచ్చలు వేస్తే వేరు వేరుగా కనిపిస్తాయన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకు అది నచ్చలేదు. ఛాయ తేడా ఒక రెజిమెంటుకు గుర్తు కాదు; అది ఒకే రెజిమెంటులో కొత్త కోటుకూ పాత కోటుకూ మధ్య ఉండే తేడా. అందువల్ల నాలుగింటికీ ఒకే మూలరంగు ఉంచి, ప్రతి రెజిమెంటులోనూ ముగ్గురు నలుగురికి పై పొరలో కొంచెం నీలం, ఒకరిద్దరికి కొంచెం ఖాకీ కలిపాను. అధికారుల గుడ్డ నాణ్యమైనది కాబట్టి వారి కోట్లకు వెలిసిన ఛాయ ఇవ్వలేదు. ఈ డివిజన్ మే 21, 22 తేదీల్లో ఆస్పెర్న్–ఎస్లింగ్ దగ్గర కూడా పోరాడింది. వాగ్రామ్ నాటికి ఆరు వారాలకు పైగా ఎండలో, దుమ్ములో, రాత్రి మంటల పక్కన గడిపిన దుస్తులవి.

పని జరిగే తీరు ఇది. ప్రైమర్ నల్లది. దాని మీద దాదాపు నల్లగా కనిపించే ముదురు ఆకుపచ్చ, ముడతల లోతుల్లో అది అలాగే మిగిలిపోతుంది. రెండో పొర మధ్యస్థపు ఆకుపచ్చ, భుజాల మీద, మోచేతి వంపు పైన, తోకల పై అంచుల్లో. మూడో పొరకు తెలుపు అసలు కలపకూడదన్నది నా నియమం: తెలుపు కలిస్తే ఆకుపచ్చ సున్నం కొట్టినట్టవుతుంది. దానికి బదులు చిటికెడు ఓకర్ పసుపు కలిపితే ఎండ తగిలిన ఉన్నిలా ఉంటుంది. చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది కనుక మ్యూజియంలో ఉన్న కోటు ఫోటోకు సరిపోయే ఛాయ ఫిగరు మీద నల్లగా తేలుతుంది. ఒక మెట్టు లేతగా వేయడం తప్పనిసరి.

జూన్ చివర

షాస్యూర్ల గుర్తింపు రంగుల పద్ధతి ఒకసారి పట్టుబడితే మరిచిపోలేనంత సులువు. రెజిమెంట్లను మూడేసి చొప్పున జట్లు కట్టి జట్టుకొక రంగు ఇచ్చారు: 1 నుంచి 3 దాకా ఎరుపు, 4 నుంచి 6 దాకా పసుపు, 7 నుంచి 9 దాకా గులాబీ, 10 నుంచి 12 దాకా క్రిమ్సన్ (ముదురు ఎరుపు), 13 నుంచి 15 దాకా నారింజ, 16 నుంచి 18 దాకా లేత నీలం, 19 నుంచి 21 దాకా ఒరోర్ (ఉదయకాంతి లాంటి లేత నారింజ), 22 నుంచి 24 దాకా కపుసీన్. ఇందులో 17, 18 సంఖ్యలకు అప్పట్లో రెజిమెంట్లు లేవు. జట్టులో మొదటి రెజిమెంటుకు కాలరు, కఫ్‌లు రెండూ గుర్తింపు రంగులో ఉంటాయి. రెండో దానికి కఫ్‌లు మాత్రమే. కాలరు ఆకుపచ్చ, దాని చుట్టూ గుర్తింపు రంగు గీత. మూడో దానికి తారుమారు: కాలరు రంగుది, కఫ్‌లు ఆకుపచ్చవి.

దీని ప్రకారం నా 13వ రెజిమెంటుకు నారింజ కాలరు, నారింజ కఫ్‌లు. 16వ దానికి రెండూ లేత నీలం. 24వది తన జట్టులో మూడోది కనుక కపుసీన్ కాలరు, కపుసీన్ గీతతో ఆకుపచ్చ కఫ్‌లు. ల్యాపెళ్లు అందరికీ ఆకుపచ్చే, చుట్టూ గుర్తింపు రంగు గీత. తోకల మడతలు గుర్తింపు రంగు. గుండీలు తెల్ల లోహానివి.

కాగితం మీద ఇది తేలికే. చిక్కంతా బ్రుయేర్ బ్రిగేడ్‌లో ఉంది, ఎందుకంటే నారింజ, కపుసీన్ రెండూ పక్కపక్కనే నిలబడాలి. కపుసీన్ అంటే కనకాంబరం పువ్వు రంగుకు మరికాస్త ఎరుపు ఎక్కించినట్టుండే ఛాయ. రెండు రెజిమెంట్లనూ విడివిడిగా వేస్తే ఒక్కొక్కటీ బాగానే ఉంటుంది. పక్కన పెట్టగానే మూడడుగుల దూరం నుంచి రెండూ ఒకటే. అందుకని రెండిటినీ ఒకేసారి, ఒకే పాలెట్ మీద కలిపి వేశాను. 13వ దాని నారింజను పసుపు వైపు జరిపాను: అడుగున ఓకర్, పైన శుద్ధమైన నారింజ, అంచున పసుపు తగిలిన నారింజ. 24వ దాని కపుసీన్‌కు అడుగున ఇటుకరంగు, పైన నారింజలో మూడో వంతు ఎరుపు, అంచున దానికే కొద్దిగా చర్మపు రంగు. జట్టుల వరుసలో ఈ రెండింటికీ మధ్యన ఉండే ఒరోర్ ఈ డివిజన్‌లో లేకపోవడం నా అదృష్టం.

24వ రెజిమెంటుతో మరో ఇబ్బంది. కఫ్‌లు ఆకుపచ్చవి కావడంతో ముందునుంచి చూస్తే కాలరు తప్ప రంగు కనిపించే చోటు లేదు. ఆ కాలరు 28 మిల్లీమీటర్ల ఫిగరు మీద బియ్యపు గింజలో సగం కూడా ఉండదు, దాన్ని కూడా షాకో (ఎత్తైన సైనిక టోపీ) గడ్డంపట్టీ సగం కప్పేస్తుంది. ఇక్కడే జీను అక్కరకొచ్చింది. సామాన్య రౌతుల జీనుమీద పరిచే తెల్లని గొర్రె తోలుకు చుట్టూ గుర్తింపు రంగు గుడ్డను త్రికోణాలుగా కత్తిరించి కుడతారు. తోడేలు పళ్లు అని దానికి పేరు. ఫిగరు మొత్తం మీద గుర్తింపు రంగు అన్నిటికంటే ఎక్కువ వైశాల్యంలో కనిపించేది అక్కడే. పైగా మన దళాలను మనం ఎప్పుడూ వెనకనుంచే చూస్తాం. ల్యాపెల్ గీత మీద ఎంత ప్రాణం పెట్టినా దాన్ని చూసేది ఎదుటి ఆటగాడు. నా వైపుకు కనిపించేవి గుర్రం పిరుదు, చుట్టిన సామాను సంచి, తోలు వెనక అంచు, కోటు తోకల మడత. అందువల్ల ఆ త్రికోణాలను ఒక్కొక్కటిగా, నీడ గీతతో సహా వేశాను. పోత పోసినవాడు వాటిని స్పష్టంగా చెక్కని గుర్రాల మీద ముందు ముదురు గీత గీసి, దాని మీద రంగు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కను బయటికి కొనదేలేలా లాగాను.

16వ రెజిమెంటు లేత నీలం మీద ఒక్క మాట: ఆకుపచ్చ పక్కన నీలం తొందరగా మునిగిపోతుంది. దాన్ని ఉన్నదానికంటే బాగా లేతగా తేల్చి, కఫ్‌కూ చేతికీ మధ్య సన్నని నల్లగీత వదిలితేనే విడిగా నిలిచింది.

జూలై

8వ హుస్సార్లు. ఆకుపచ్చ డోల్మన్, ఆకుపచ్చ పెలీస్, ఎర్ర కాలరు, ఎర్ర కఫ్‌లు, ఎర్ర హంగేరియన్ పంట్లాం, తెల్లని జరీ. 7వ రెజిమెంటుదీ దాదాపు ఇదే వేషం, జరీ మాత్రం పసుపు. అంటే ఒక రెజిమెంటును మరో రెజిమెంటు నుంచి వేరు చేసేది ఛాతీ మీది తాళ్ల రంగు ఒక్కటే. అలాంటప్పుడు ఆ తెలుపు సందేహానికి తావులేని తెలుపై ఉండాలి. నీడ ఎక్కువై మీగడ రంగులోకి పోతే చూసేవాడు 7వ రెజిమెంటు అనుకుంటాడు. అందుకని నీడకు గోధుమ వాష్ (పల్చటి రంగునీళ్లు) వాడకుండా నీలం కలిసిన బూడిదరంగును అడుగున వేసి, దాని మీద తెలుపును అడ్డంగా ఒక్కో తాడు మీదా ఒక్కో గీతగా లాగాను. గుండీలకు చివర్లో వెండి చుక్కలు. ఫిగరు మీద శిల్పి చెక్కిన తాళ్ల వరుసలు అసలు డోల్మన్ మీద ఉన్నన్ని ఉండవు. ఆ పరిమాణంలో ఉండడం సాధ్యం కాదు. లేనివాటిని గీతలుగా ఇరికించడం నాకు ఇష్టం లేదు. ఉన్న వరుసలు శుభ్రంగా ఉంటే చాలు.

ఎర్ర పంట్లాం విషయంలో మాత్రం మనసు రెండు వైపులా లాగింది. హుస్సార్ అంటే ఎర్ర పంట్లాం, భుజాన వేలాడే పెలీస్, ఊగే సాబర్‌టాష్ (కత్తి పట్టీకి వేలాడే చదునైన సంచి) అని చూడగానే తట్టే రూపం ఒకటుంది. కానీ దండయాత్రలో ఆ బిగుతు పంట్లాం మీద, లేదా దానికి బదులుగా, పక్కన గుండీలతో, తొడల లోపలివైపు తోలు అతుకుతో ఉండే వెడల్పాటి స్వారీ పంట్లాం వేసుకునేవారు. సాబర్‌టాష్‌కు తొడుగు వేసేవారు. షాకో మీద మైనపు గుడ్డ, ఈక తీసి గొట్టంలో. వాగ్రామ్‌కు ముందురోజు రాత్రి, సైన్యం లోబావ్ ద్వీపం నుంచి డాన్యూబ్ దాటుతున్నప్పుడు పెద్ద గాలివాన కురిసింది. మైనపు తొడుగులకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 12 మందిలో ఎనిమిదిమందికి బూడిదరంగు స్వారీ పంట్లాలు, పక్కన ఎర్ర పట్టీ. మిగతా నలుగురికి ఎర్రవి వదిలేశాను, ఎందుకంటే తేదీ హద్దు ఎర్రని నిషేధించడం లేదు, అరుదు చేస్తోందంతే. పెలీస్ కొందరికే ఇచ్చాను. జూలై ఎండలో దాన్ని సామాను బళ్లలో వదిలినవాడు తెలివైనవాడు.

కత్తులన్నిటికీ ఇత్తడి పిడి, ఇనుప ఒర. ఛాతీ మీది తోలు పట్టీలు తెల్లవి, తూటాల పెట్టె నల్లది.

జూలై చివర

ఎలీట్ కంపెనీలు, ట్రంపెటర్లు, గుర్రాలు.

ప్రతి రెజిమెంటులోనూ మొదటి స్క్వాడ్రన్‌లోని మొదటి కంపెనీ ఎలీట్ కంపెనీ; వారికి షాకోకు బదులు నల్లని ఎలుగుబంటి బొచ్చు టోపీ, ఎర్ర ఈక. షాస్యూర్లలో వారికి ఎర్ర భుజకుచ్చులు కూడా. రెజిమెంటుకు ఎనిమిది కంపెనీలైతే అందులో ఒకటి ఎలీట్. ఈ లెక్కన 12 మందిలో ఒకరు లేదా ఇద్దరు. ఆరుగురికి బొచ్చు టోపీలు పెట్టి అందం చూసుకోవడం మన ఆటలో మామూలే కానీ, నిష్పత్తి కూడా కచ్చితత్వంలో భాగమే. నా దళాల్లో ఇద్దరిద్దరు చొప్పున ఒకే బేస్ (ఫిగర్లను అతికించే పలక) మీద, కుడి చివర.

ట్రంపెటర్లకు రంగులు తిరగేసి వేయడం సాధారణ ఆచారం. 13వ దానికి నారింజ కోటు, ఆకుపచ్చ కాలరు కఫ్‌లు. 16వ దానికి లేత నీలం కోటు. 24వ దానికి కపుసీన్ కోటు. హుస్సార్ ట్రంపెటర్‌కు ఎర్ర డోల్మన్. కర్నళ్ల సొంత అభిరుచులు ఈ ఆచారాన్ని ఎన్నోసార్లు దాటిపోయినా, 1809కి సాదా తిరగేతే నాకు సమంజసంగా తోచింది. రాజముద్రల జరీతో అందరికీ ఒకటే ఆకుపచ్చ కోటు ఇచ్చింది 1812 నిబంధనలు కనుక దాని జోలికి పోలేదు. ట్రంపెటర్ల గుర్రాలు తెల్లవి లేదా బూడిదవి, వాటి మీద నల్ల గొర్రె తోలు. కపుసీన్, నారింజ తేడా ఇంకా సందేహంగా ఉన్నవారికి ఈ ఇద్దరు ట్రంపెటర్ల కోట్లు పక్కపక్కన చూపిస్తే చాలు.

జెండా ఎవరికీ ఇవ్వలేదు. పెట్టెలో గద్ద జెండా (కర్ర కొన మీద గద్ద బొమ్మ ఉండే రెజిమెంటు జెండా), దాన్ని పట్టే చెయ్యి ఉన్నా, 1806లోనే తేలికపాటి అశ్వదళాల గద్దలను డిపోలకు పంపాలన్న ఆదేశం వచ్చింది. ఆట నియమావళి ఏ దళానికైనా జెండా మోసే ఫిగరు కావాలంటుంది. దాని స్థానంలో కర్నల్‌ను పెట్టి ఆటకు కావలసిన గుర్తు ఆయనకే ఇచ్చాను.

గుర్రాలను తొందరగా ముగించాను: ఎక్కువగా గోధుమ, చెస్ట్‌నట్, అక్కడక్కడ నల్లవి. ఒకే రెజిమెంటులో అన్నీ ఒకే రంగు వేస్తే అది కవాతు బొమ్మ అవుతుంది.

ఆగస్టు

లసాల్ ఫిగరు. అప్పటికి ఆయన వయసు 34, జనరల్ ఆఫ్ డివిజన్ హోదా. 1806లో ముట్టడి ఫిరంగులేవీ లేకుండా హుస్సార్లతో స్టెటిన్ కోటను లొంగదీసుకున్న మనిషి. వెడల్పాటి ఎర్ర పంట్లాం, చేతిలో పొగాకు గొట్టం ఆయనకు ఎంత గుర్తులంటే అవి లేకపోతే ఎవరూ పోల్చలేరు. అందుకని మిగతా డివిజన్‌కు పాటించిన దండయాత్ర నియమాన్ని ఆయన దగ్గర కొంచెం సడలించాను. జూలై 6న ఆయన దాడికి నాయకత్వం వహిస్తూ తూటా తగిలి మరణించారు. తరువాత పక్క డివిజన్ నుంచి జనరల్ మరులాజ్ వచ్చి, ఒకప్పుడు తాను కర్నల్‌గా ఉన్న 8వ హుస్సార్ల ముందు నిలిచి దాడి చేసి గాయపడ్డారు. ఆటలో దీనికో చిన్న నియమం రాసుకున్నాను: లసాల్ పడిపోతే మరులాజ్ ఫిగరును 8వ రెజిమెంటుకు జోడించవచ్చు.

బేస్‌లు 50 మిల్లీమీటర్ల చదరాలు, ఒక్కో దాని మీద ఇద్దరు రౌతులు. యుద్ధం జరిగిన మార్ష్‌ఫెల్ట్ చదునైన పంటభూమి. ఆ రోజుల్లో గోధుమ పైరు కోతకు వచ్చి ఉంది, యుద్ధంలో చేలకు నిప్పంటుకుని గాయపడ్డవారు కొందరు అందులోనే చనిపోయారు. ఆకుపచ్చ గడ్డి వేస్తే ఆకుపచ్చ కోట్లు దానిలో కలిసిపోయేవి. గోధుమరంగు గడ్డి నేల చరిత్రకూ సరిపోయింది, కంటికీ సరిపోయింది. ఒకటి రెండు బేస్‌ల మీద తొక్కిన పైరు, మసిబారిన మొదళ్లు.

ఆఖరి పొర మ్యాట్ వార్నిష్. విశాఖలో ఈ నెల గాలిలో తేమ ఎక్కువ. స్ప్రే చేస్తే ముదురు రంగుల మీద తెల్లని పొగమంచు పొర కమ్ముతుంది, నల్లని ఆకుపచ్చ మీద అది దాగదు. అందుకే బ్రష్‌తోనే, పల్చగా రెండు పూతలు. షాకోల మైనపు తొడుగుల మీద, తోలు పెట్టెల మీద మాత్రం కొంచెం మెరుపు వార్నిష్.

తరువాతి పని మరులాజ్ డివిజన్‌లోని 3, 14, 19, 23వ షాస్యూర్లు. 14వ దానికి నారింజ కఫ్‌లు, 19వ దానికి ఒరోర్ కాలరు కఫ్‌లు, 23వ దానికి కపుసీన్ కఫ్‌లు: తప్పించుకున్నాననుకున్న ఒరోర్ ఇప్పుడు మిగతా రెండింటి మధ్యా నిలబడక తప్పదు. దానికి చర్మపు రంగు, పసుపు కలిసిన మిశ్రమాలు మూడు ఒక పాత గుర్రం జీను తోలు మీద వేసి ఆరబెట్టాను. 13వ దాని నారింజ పక్కన పెట్టి చూస్తే మధ్యది సరిపోతుందనిపిస్తోంది.